ఎవరు దేనికి సాక్షి?

  ఆగస్టులో సౌదీ అంటే మన ఊళ్లో వాళ్లు నిప్పుల కుంపటే అనుకుంటారు. ఇక్కడేమో మీలో సగం మంది స్వెటర్లు వేసుకున్నారు. అభా సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉందని ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా మా ఇంటి వాళ్లు నమ్మరు. దూరాన ఉన్నవాళ్లు దేన్ని నమ్ముతారు, దేన్ని నమ్మరు అన్నదే ఈ సాయంత్రం మన విషయం కాబట్టి ఆ మాటతోనే మొదలుపెట్టాను.

ఈ ఉపన్యాసం సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతికి. 1896 మే 28న పుట్టి, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతం వారిది. లా చదివి వకీలుగా స్థిరపడి ఉంటే డబ్బు చేసుకునేవారు. ఆయన 1926 మే నెలలో ‘గోలకొండ పత్రిక’ పెట్టుకున్నారు. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడమంటే ఏమిటో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యత చూశారు, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఆ పుస్తకానికే. అప్పటికి ఆయన లేరు.

ఇంత పనిచేసిన మనిషి గురించి మాట్లాడమంటే చరిత్ర గురించో, తెలంగాణ సాహిత్యం గురించో మాట్లాడాలి. నిర్వాహకులు మాత్రం ‘మన గ్రూపుల్లో తిరిగే వార్తల గురించి చెప్పండి, దేన్ని నమ్మాలో తెలియడం లేదు’ అన్నారు. మొదట ఇవి రెండూ ఎక్కడ కలుస్తాయా అనుకున్నాను. ఆలోచిస్తే, ఆయన జీవితమంతా చేసిన పనే అది. ఏ సాక్ష్యం ఎంతవరకు పనికొస్తుందో తూచడం. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చెబుతాను: ప్రతివాడూ ఏదో ఒకదానికి సాక్షే, ఎవడూ అన్నిటికీ సాక్షి కాడు. కాబట్టి ‘ఇతన్ని నమ్మొచ్చా’ అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ‘ఈ ఒక్క విషయానికి ఇతన్ని నమ్మొచ్చా’ అన్నది అసలు ప్రశ్న.

1

గోలకొండ కవుల సంచిక కథ మీలో చాలామంది వినే ఉంటారు. ముడుంబై వేంకట రాఘవాచార్యులు అనే పండితుడు నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేనేలేరన్నట్టు రాశారు. తెలంగాణ భగ్గుమంది. కోపంతో నాలుగు వ్యాసాలు రాసి ఊరుకుంటే అది ఆ వారం ముచ్చటగా మిగిలిపోయేది. ప్రతాపరెడ్డి గారు తిట్టు జోలికి పోలేదు. కవులందరినీ తమ వివరాలతో పద్యాలు పంపమన్నారు. 1934లో సంచిక వచ్చింది. 354 మంది కవులు.

ఆ 354 మందీ మహాకవులని ఎవరూ అనలేదు, నేనూ అనను. కొన్ని పద్యాలు చదువుతుంటే ఆవులింత ఆపుకోవాలి. కానీ అక్కడ వివాదం కవిత్వం గొప్పదా కాదా అన్నది కాదు, కవులున్నారా లేరా అన్నది. ‘లేరు’ అన్నవాడికి జవాబు పేరు, ఊరు. ఇంకేమీ అక్కర్లేదు. ఎంత మాటకు ఎంత సాక్ష్యం కావాలో అంతే తెచ్చిపెట్టారు. పైగా చూడండి, ఆ పండితుడు చదువురాని వాడు కాడు. తాను చదివిన కవిత్వం గురించి ఆయన చెబితే వినాల్సిందే. తాను తిరగని ఊళ్ల గురించి చెప్పినప్పుడే చిక్కొచ్చింది.

‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇదే పని ఇంకా నిశితంగా చేశారు. 1949లో వచ్చిన పుస్తకం. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అన్నది రాయాలి. ఆధారం ఎక్కడ? శాసనాల్లో బిరుదులుంటాయి, దానాలుంటాయి. కావ్యాల్లో రాజు సూర్యుడు, చంద్రుడు, మన్మథుడు. వీటిని పట్టుకుని చరిత్ర రాస్తే మిగిలేది భట్రాజు పొగడ్తే. ఆయన కావ్యాన్ని పక్కదారి నుంచి చదివారు. కాకతీయుల ఓరుగల్లు కోసం ‘క్రీడాభిరామం’ తీశారు. తర్వాతి కాలాలకు ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ తీశారు. కథకుడు కథ మీద ధ్యాస పెట్టి నడుస్తుంటే దారిలో కనబడే అంగళ్లు, తిండ్లు, నగలు, తిట్లు, పందేలు, వీటిని ఏరుకున్నారు. కవి తన ఏలికను ఇంద్రుడంటే అది అవసరం కొద్దీ అన్న మాట. బజార్లో ఫలానా వంటకం అమ్ముతున్నారని రాస్తే అందులో అబద్ధమాడాల్సిన పని అతనికి లేదు. అదే కవి, అదే కావ్యం. ఒక పద్యానికి పనికిరాని సాక్షి, పక్క పద్యానికి పనికొచ్చే సాక్షి.

2

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2019 జూన్ 12 తెల్లవారుజాము ఇక్కడ ఉన్నవాళ్లకు గుర్తే ఉంటుంది. అభా విమానాశ్రయం మీద క్షిపణి పడింది. ఆ రోజు ఒకే సంఘటనకు రెండు కథలు వచ్చాయి. సౌదీ నాయకత్వంలోని సంకీర్ణ దళాలు క్షిపణి ప్రయాణికులు దిగే హాలును తాకిందని, 26 మంది పౌరులు గాయపడ్డారని, అందులో ఎనిమిది మందిని ఆసుపత్రికి తరలించి మిగతా వాళ్లకు అక్కడికక్కడే చికిత్స చేశామని చెప్పాయి. గాయపడిన వాళ్లలో ఒక భారతీయ మహిళ కూడా ఉంది. యెమెన్ నుంచి హౌతీ తిరుగుబాటుదారుల టీవీ తాము క్రూయిజ్ క్షిపణితో కంట్రోల్ టవర్‌ను కొట్టామని, అది పనిచేయకుండా పోయిందని చెప్పింది. పదకొండు రోజులకే, జూన్ 23న, మళ్లీ దాడి జరిగింది. ఒక సిరియా దేశస్థుడు చనిపోయాడు, 21 మంది గాయపడ్డారు. వాళ్లలో నలుగురు భారతీయులు.

ఆ రెండు వారాల్లో జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి ఇక్కడికి ఎన్ని ఫోన్లు వచ్చాయో! ‘అభా ఖాళీ చేయిస్తున్నారట కదా’, ‘ఇండియన్లందరినీ పంపించేస్తున్నారట కదా’. ఆ ‘అట’ ఎక్కడ పుట్టిందని అడిగితే ఒకరు టీవీ అంటారు, ఇంకొకరు గ్రూపు అంటారు, మరొకరు ‘అందరూ అంటున్నారు’ అంటారు.

అప్పుడు ఎవరు దేనికి సాక్షి? విమానాశ్రయం దగ్గర గదిలో పడుకున్న మనవాడు పెద్ద చప్పుడైందనడానికి సాక్షి, ఎన్ని గంటలకు అయిందో దానికి సాక్షి. వచ్చింది ఏ రకం క్షిపణి, ఎక్కడి నుంచి వచ్చింది అనడానికి సాక్షి కాడు. అక్కడే పనిచేసే క్లీనర్ ఏ అద్దాలు పగిలాయో చెప్పగలడు. హైదరాబాద్ స్టూడియోలో ఎర్రక్షరాల ముందు కూర్చున్న మనిషి పై రెండిటికీ సాక్షి కాడు. తన ముందున్న కాగితానికి మాత్రమే సాక్షి. ఇక పోరాడుతున్న రెండు పక్షాలు. ఇద్దరికీ తమ మాట నెగ్గాలన్న అవసరం ఉంది. అందుకని ఇద్దరి మాటా తీసి పారేస్తే చేతిలో ఏమీ మిగలదు. ఇద్దరూ ఒప్పుకున్న చోటు చూడండి: ఆ రాత్రి క్షిపణి వచ్చింది, ఆ విమానాశ్రయాన్నే తాకింది. శత్రువులిద్దరూ ఒకే మాట చెబితే ఆ మాట నిలబడుతుంది. టవరా, హాలా అన్న దగ్గర తేడా వచ్చింది. అక్కడ ఆగి మూడో సాక్షి కోసం చూడాలి. గాయపడిన ప్రయాణికులు, తర్వాత వచ్చిన ఫొటోలు, విమానాలు మళ్లీ ఎప్పుడు ఎగిరాయన్న సంగతి. టవర్ పనిచేయని చోట విమానం మామూలుగా దిగదు కదా. విమానాల రాకపోకల పట్టిక ఎవరి పక్షమూ వహించదు. సురవరం వారు బజారు పద్యాన్ని పట్టుకున్నట్టు, మనం ఆ పట్టికను పట్టుకోవాలి.

మన ఊరికి ఇంకో అదృష్టం కూడా ఉంది. రియాదులోనో, జెడ్డాలోనో కాకుండా ఈ కొండ మీద నుంచి దేశమంతటికీ వెళ్లే దినపత్రిక ఒకటి ఉంది. ‘అల్ వతన్’ 2000లో అభాలోనే మొదలైంది. ఘాట్ రోడ్డు మూసేశారా, వాగులో వరద వచ్చిందా అన్న దానికి ఇక్కడి విలేకరి సాక్షి. మనలో ఎంతమంది చూస్తాం? అరబ్బీ రాదంటారు. ఫోనులో అనువాదం నొక్కితే గతుకుల తెలుగులోనైనా విషయం తెలుస్తుంది. దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల అవతలి ఛానలు చెప్పేదానికంటే ఆ గతుకుల తెలుగే నయం.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాడి వీడియోలు, సైనిక వాహనాల వీడియోలు పంపడం మన ఊళ్లో కాలక్షేపం కావచ్చు. ఇక్కడ 2007 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది. శాంతిభద్రతలకు భంగమని తేలితే అయిదేళ్ల దాకా జైలు, 30 లక్షల రియాళ్ల దాకా జరిమానా. ‘నేను తీయలేదు సార్, ఫార్వర్డ్ చేశానంతే’ అన్న మాట అక్కడ చెల్లుతుందని ఎవరూ ధైర్యం చెప్పలేరు.

3

ఈ మూడో మాట కొంచెం బరువైనది.

2018 వేసవి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక అంతటా వాట్సాప్‌లో వీడియోలు. ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో అదే బైకు వెనక్కొచ్చి పిల్లవాణ్ని దింపేస్తుంది, హెచ్చరిక రాసిన కాగితం చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మన ఊళ్ల మీదికి వదిలారు. ఇంకో ఫొటోలో వరసగా పడుకోబెట్టిన పిల్లల శవాలు. అది సిరియాలో 2013 రసాయన దాడిది. ఫొటో నిజం, పిల్లలు నిజం, చావు నిజం. పక్కన రాసిన మాటే అబద్ధం. అందుకే ‘కళ్లారా చూశాను’ అన్నవాణ్ని మనం ఒక ప్రశ్న అడగాలి: చూసింది సంఘటననా, తెరనా?

ఆ జూలై 13న ఏం జరిగిందో గల్ఫులో ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. హైదరాబాద్ కుర్రాళ్లు కొందరు కారులో బీదర్ జిల్లాకు వెళ్లారు. వాళ్లలో ఒకరు ఖతార్ నుంచి వచ్చినవాడు. దారిలో ఆగినచోట బడి పిల్లలు కనబడితే చాక్లెట్లు పంచారు. గల్ఫు నుంచి ఇంటికెళ్లిన మనలో చాక్లెట్లు పంచనివాడు ఎవడు? బ్యాగులో బట్టలకంటే అవే బరువు. ఊరివాళ్లు వీళ్లను పిల్లల దొంగలనుకున్నారు, వీడియో తీసి దారిలో ముందున్న ఊరికి పంపారు. ముర్కి అనే ఊరి దగ్గర జనం కారును అడ్డగించారు. ఒక యువ ఇంజినీరు ప్రాణం పోయింది, మిగతావాళ్లు తీవ్రంగా గాయపడ్డారు. చంపినవాళ్లు కరుడుగట్టిన నేరస్థులు కారు. తెలిసినవాడు పంపిన కబురును నమ్మిన గ్రామస్థులు.

అదే ఏడాది, అదే పుకారు, సురవరం వారి సొంత గడ్డ మీద ఇంకోలా జరిగింది. గద్వాల ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని బీటు కానిస్టేబుళ్లు గమనించారు. సంగతేమిటని అడిగితే ఫోన్లు చూపించారు. అప్పుడు ఆవిడ ఊరికొక కానిస్టేబుల్ లెక్కన దత్తత ఇచ్చారు. వాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పులతో, పాటలతో అరుగుల దగ్గర కూర్చుని ఆ వీడియోలు ఎక్కడివో చెప్పారు. ఆమె పరిధిలో నాలుగు వందల దాకా ఊళ్లున్నాయి. ఈ పుకారుకు అక్కడ ఒక్క ప్రాణం బలికాలేదు.

ఎందుకు పనిచేసింది? పోలీసు మాట కాబట్టి అంటే నేను ఒప్పుకోను. హైదరాబాద్ నుంచి డీజీపీ ప్రకటన వచ్చినా ఎవరూ తలుపు తీసి ఉండేవారు కాదు. ఆ కానిస్టేబుల్ ఊరికి తెలిసినవాడు. రాత్రి ఆ ఊళ్లోనే తిరుగుతాడు. పిల్లవాడెవడైనా తప్పిపోతే ముందు తెలిసేది అతనికే. ‘మన మండలంలో ఒక్క పిల్లవాడూ పోలేదు’ అన్న ఒక్క విషయానికి అతనికి మించిన సాక్షి లేడు.

ఇక్కడే మనకో చిక్కుంది. మనం కబురును కాదు, మనిషిని నమ్ముతాం. ‘మా బావ పంపాడు’ అంటాం. బావ మంచివాడే. అప్పడిగితే ఇచ్చాడు, అక్కను బాగా చూసుకుంటున్నాడు. కానీ ఆ వీడియోకు బావ సాక్షి కాడు. ఆయనకు ఎవరో పంపారు, వాళ్లకు ఇంకెవరో. బావ మీదున్న నమ్మకం జారి వీడియో మీద పడుతుంది. అబద్ధాన్ని తయారుచేసేవాడికి కావలసింది ఆ జారుడే. 2018 జూలైలో వాట్సాప్ ఇండియాలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్లకే పంపేలా కట్టడి చేసింది, మరుసటి ఏడాది జనవరిలో ప్రపంచమంతటికీ అదే నియమం పెట్టింది. బాగా తిరిగిన సందేశమైతే 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే వెళుతుంది. మీ ఫోనులో రెండు బాణాల గుర్తు కనబడితే అర్థం ఏమిటి? ఈ కబురు చాలా చేతులు మారింది, మొదట చెప్పినవాడెవడో ఇప్పుడు ఎవరికీ తెలియదు అని. ఆ గుర్తు చూసి మన గ్రూపుల్లో కొందరు ‘ఇంతమంది పంపారంటే నిజమే అయి ఉంటుంది’ అనుకుంటున్నారు. సరిగ్గా తలకిందులు.

4

డబ్బు పోయే చోటు గురించి త్వరగా చెబుతాను, ఇది మీకు నాకంటే బాగా తెలుసు.

వీసా ఏజెంటు చెప్పే మాటల్లో ఏది నమ్మాలి? ‘ఏజెంట్లంతా దొంగలు’ అనడం తేలిక. అలా అన్నవాళ్లే మళ్లీ తమ్ముడి కోసం ఇంకో ఏజెంటు దగ్గరికే వెళతారు, ఎందుకంటే వేరే దారి లేదనుకుంటారు. ఏజెంటు తన కమీషనుకు సాక్షి. కంపెనీ జీతానికి సాక్షి కాడు. జీతానికి సాక్షి కాంట్రాక్టు కాగితం. ఆ ఏజెంటుకు లైసెన్సుందా అన్న దానికి సాక్షి భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోగలిగింది ముప్పై వేలు, దాని మీద పన్ను. ఎక్కడైనా పనిచేసుకోవచ్చని అమ్మే ‘ఆజాద్ వీసా’కు లక్షలు పోసినవాళ్లు ఈ హాల్లోనూ ఉన్నారు. చేతులెత్తమని అడగను లెండి.

‘కఫాలా రద్దు’, అంటే యజమాని పూచీ పద్ధతి ఎత్తేశారన్న వార్త, ఇంతకంటే ఆసక్తికరమైనది. 2020 నవంబరు 4న సౌదీ ప్రభుత్వం కార్మిక సంస్కరణలు ప్రకటించింది. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాది పనిచేశాక యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చు, ఎగ్జిట్-రీఎంట్రీ తనే పెట్టుకోవచ్చు. ఇది నిజం, పెద్ద మార్పే. కానీ కార్మిక చట్టం పరిధిలో లేని వాళ్లకు ఇది వర్తించలేదు: ఇంటి డ్రైవర్లు, ఇంట్లో పనిచేసే ఆడవాళ్లు, గొర్రెల కాపరులు, తోటమాలీలు, కాపలావాళ్లు. అంటే మన ఊళ్ల నుంచి అప్పు చేసి వచ్చినవాళ్లలో పెద్ద భాగం. మన పత్రికల్లో శీర్షిక మాత్రం రెండే మాటలు. 2025 అక్టోబరులో అదే శీర్షిక మళ్లీ కొత్త వార్తలా ఊరేగింది. దాన్ని నమ్మి కఫీల్‌తో, అంటే పూచీదారు యజమానితో, గొడవపడి బయటికొచ్చిన కాపరి మీద హురూబ్, అంటే పారిపోయాడన్న కేసు, పడితే ఆ శీర్షిక పెట్టిన సబ్ ఎడిటర్ వచ్చి పాస్‌పోర్టుల కార్యాలయం జవాజాత్‌లో నిలబడడు. శీర్షిక అబద్ధం కాదని వాదించవచ్చు. ఎవరికి అన్నది చెప్పకపోతే అది మీకు మాత్రం అబద్ధమే. అందుకని ఏ కొత్త నిబంధన వచ్చినా ‘ఇందులో నా ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, మీదున్న వృత్తి పేరుందా’ అని వెతకండి. మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు.

క్షమాభిక్ష పుకార్లూ ఇలాగే. 2013లో సౌదీకరణ పథకం నితాకత్ గడువు నిజంగా ఇచ్చారు. 2017 మార్చి 29 నుంచి తొంభై రోజుల గడువు నిజంగా ఇచ్చారు, వేలమంది జరిమానా లేకుండా ఇల్లు చేరారు. ఒకప్పుడు నిజమైన వార్తకే దొంగ వారసులు ఎక్కువ. ఈసారి ‘క్షమాభిక్ష వచ్చింది’ అని మెసేజ్ వస్తే తేదీ చూడండి, ఏ సంవత్సరానిదో చూడండి. దానికి సాక్షి ఇక్కడి అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ, జవాజాత్. ఆ తర్వాత మన జెడ్డా కాన్సులేటు. కిరాణా కొట్టు బకాలాలో కూర్చున్న అన్న కాడు, ఎంత మంచివాడైనా.

5

2025 నవంబరు 17. ఆ తేదీ వింటే హైదరాబాద్ వాళ్లకు గుండె కలుక్కుమంటుంది. మక్కా నుంచి మదీనా వెళ్తున్న ఉమ్రా యాత్రికుల బస్సు ఆయిల్ ట్యాంకరును ఢీకొని కాలిపోయింది. పొద్దున్నే టీవీల్లో 42 మంది అన్నారు. మధ్యాహ్నానికి అంకె మారింది. వెంటనే కొందరు ‘దాస్తున్నారు’ అన్నారు, ఇంకొందరు ‘పెంచుతున్నారు’ అన్నారు.

హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ ఆ రోజు చెప్పిన లెక్క చూడండి. నవంబరు 9న 54 మంది బయలుదేరారు. అందులో నలుగురు కారులో మదీనా వెళ్లారు, నలుగురు మక్కాలోనే ఆగిపోయారు. బస్సులో 46 మంది. 45 మంది పోయారు, ఒక్కడు బతికాడు. ఈ లెక్కలో ప్రతి అంకెకూ ఒక దారి ఉంది. ట్రావెల్స్ జాబితా, కుటుంబాల మాట, బతికి బయటపడిన మనిషి. కావాలంటే మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు. పొద్దుటి 42కు అలాంటి దారి లేదు. అలాగని అది అబద్ధం కూడా కాదు, మంటలు ఆరకముందు ఎవరో దూరం నుంచి కట్టిన అంచనా. కాలిపోయిన బస్సులో మనుషుల్ని లెక్కించడానికి సమయం పడుతుంది. అంకె మారడం మోసానికి గుర్తు కాదు. చాలాసార్లు, ఎవరో కూర్చుని నిజంగా లెక్కపెడుతున్నారనడానికి గుర్తు. మొదటి గంటలో ఖచ్చితమైన అంకె చెప్పేవాణ్ని నేనైతే ఎక్కువ అనుమానిస్తాను.

6

ఇంతసేపు విన్నాక ఎవరికైనా ‘అయితే ఎవర్నీ నమ్మకూడదన్న మాట’ అనిపిస్తే నా ఉపన్యాసం వృథా. అన్నీ అబద్ధాలే అనేవాడు తెలివైనవాడిలా కనిపిస్తాడు. నిజానికి అతనూ బద్ధకస్తుడే. అన్నీ నమ్మేవాడు వెతకడు, ఏదీ నమ్మనివాడూ వెతకడు. వాళ్లిద్దరికీ చివరికి దిక్కు ఒకరే, గట్టిగా అరిచేవాడు.

సర్కారు మాటకూ ఇదే తూకం. ఇకామా రుసుము ఎంత అన్న దానికి సర్కారే సాక్షి. తన పాలన ఎలా ఉందన్న దానికి తనే సాక్షి కాలేదు. మన దేశంలో 2023లో ఐటీ నిబంధనలు మార్చి, కేంద్ర ప్రభుత్వం గురించిన వార్తల్లో ఏది తప్పో ప్రభుత్వ విభాగమే తేల్చేలా చేయబోయారు. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణాలు వేరే, చట్టపరమైనవి. నాకు తోచేది మాత్రం చిన్నది: వాది చేతికే తీర్పు కాగితం ఇవ్వకూడదు. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే వార్తల్ని సరిచూసి రాస్తున్నాయి. వాళ్లనూ వాళ్ల పేరు చూసి నమ్మకండి. ఈ ఫొటో మొదట ఎక్కడ, ఏ తేదీన వచ్చిందో చూపిస్తారు చూడండి, ఆ దారి పట్టుకుని మీరూ ఒకసారి నడవండి. ఇప్పుడు కృత్రిమ మేధతో ముఖ్యమంత్రి గొంతు, మీ అన్న గొంతు కూడా తయారు చేస్తున్నారు. గొంతు ఇక సాక్ష్యం కాదు. అర్ధరాత్రి అన్న గొంతు డబ్బడిగితే ఫోను పెట్టేసి, అన్న నంబరుకు మీరే చేయండి.

7

చివరి మాట, నాకు అన్నిటికంటే కష్టమైనది.

మన గ్రూపుల్లోకి నెలకో రెండు నెలలకో ఒక వీడియో వస్తుంది. ఏదో ఊళ్లో, ఏదో ఇంటి వంటగదిలోనో బాత్రూములోనో నిలబడి ఒక ఆడమనిషి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. జీతం ఇవ్వడం లేదు, తిండి పెట్టడం లేదు, కొడుతున్నారు, నన్ను కాపాడండి అన్నా అని. ఇంతసేపు నేను చెప్పిన కొలతలు పెడితే ఈ వీడియో ఏ పరీక్షా నెగ్గదు. ఒక్కతే సాక్షి. రెండో మాట లేదు. ఆ ఇంటి లోపలికి వెళ్లి చూసేవాడు లేడు. వీడియో ఎప్పటిదో తెలియదు. పాత వీడియోలు మళ్లీ తిరగడమూ ఉంది. అయితే నమ్మకుండా వదిలేయాలా?

వదలకూడదు. ఎందుకంటే ఎంత సాక్ష్యం కావాలన్నది మనం దానితో ఏం చేయబోతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. కఫీల్ పేరు పెట్టి ‘ఈ రాక్షసుణ్ని చూడండి’ అని ఊరంతా చాటాలంటే చాలా సాక్ష్యం కావాలి, అది మన దగ్గర లేదు. ఆమె గురించి ఆరా తీయమని అధికారికి చెప్పడానికి ఆమె ఒక్క మాట చాలు. ఆ వీడియో నిజం కాకపోతే ఒక అధికారికి ఒక ఫోను కాల్ దండగ. నిజమై మనం ఊరుకుంటే ఆమె ఏమవుతుందో ఆలోచించండి. ఇంకోటి, దాన్ని పది గ్రూపులకు పంపితే పదకొండోది ఆ ఇంటి డ్రైవర్ ఫోను కావచ్చు. అక్కడి నుంచి కఫీల్‌కు ఎంతసేపు? ఆమె చేతిలోని ఫోను ఆ రాత్రే పోతుంది, మిగిలిన ఒక్క సాక్షి నోరూ మూతపడుతుంది.

కాబట్టి మన అభా, ఖమీస్ ముషైత్ మిత్రులకు ఒక మనవి. ఇలాంటి వీడియో వస్తే గ్రూపులో పెట్టకండి, పంపినవాడికి విడిగా ఫోను చేయండి. నీకు ఎవరు పంపారని అడగండి, వాళ్లను అడగండి, అలా ఆమె ఇంటివాళ్ల దాకా వెళ్లండి. సాధారణంగా మూడు నాలుగు కాల్స్‌లో జగిత్యాలలోనో, రాయచోటిలోనో ఒక తల్లి, ఒక భర్త దొరుకుతారు. ఆమె పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఉన్న ఊరు, కఫీల్ ఫోను నంబరు, పంపిన ఏజెంటు పేరు, చివరిసారి మాట్లాడిన తేదీ, ఈ ఆరూ కాగితం మీద రాసుకోండి. జెడ్డా కాన్సులేటుకు చెప్పండి, విదేశాంగ శాఖ 2015లో పెట్టిన ‘మదద్’ వెబ్‌సైటులో ఇంటివాళ్ల చేత ఫిర్యాదు పెట్టించండి, ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఈ పనికి ఊరికి ఇద్దరు చొప్పున కావాలి. ఒకరికి అరబ్బీ రావాలి. ఆడవాళ్లు ముందుకొస్తే ఇంకా మంచిది, ఆమె మాతో చెప్పనివి మీతో చెబుతుంది. కాఫీ ఇచ్చే బల్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాం, పేర్లు అందులో రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు.